బెర్తు ఒక్కటే, కౌంటర్లు వేలు: ఒక టెర్మినల్ కథ

నల్లటి తెర, కింద అరిగిన కీబోర్డు, పక్కన గరగరలాడే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. సికింద్రాబాద్ రిజర్వేషన్ కౌంటర్‌లో పనిచేసే ఒక టెర్మినల్ కథ ఇది.

ఈ టెర్మినల్ రాకముందు ఒక్కో రైలుకు ఒక్కో రిజిస్టరు. ఆ రిజిస్టరున్న కౌంటర్‌లోనే టికెట్టు. తిరుగు ప్రయాణానికి అవతలి ఊరికి టెలిగ్రామ్ కొట్టాల్సిందే. 1985లో న్యూఢిల్లీలో ‘ఇంప్రెస్’ సాఫ్ట్‌వేర్ ఆ లెక్కల్ని కంప్యూటర్‌కెక్కించడం మొదలుపెట్టింది. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్‌లకూ కేంద్రాలొచ్చాయి. కానీ దేని లెక్క దానిదే.

వాటిని కలిపే పని రైల్వే సాఫ్ట్‌వేర్ సంస్థ ‘క్రిస్’ ఇంజినీర్లు నెత్తికెత్తుకున్నారు. వాళ్లు రాసిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ 1994 సెప్టెంబరులో మొదట సికింద్రాబాద్‌లోనే పనిలోకి దిగింది. 1999 ఏప్రిల్‌కల్లా ఐదు కేంద్రాలూ ఒక్కటయ్యాయి.

క్లర్కు ఫారం చూసి రైలు నంబరు, తేదీ, పేరు, వయసు కొడతాడు. రైలు ఢిల్లీ కేంద్రానిదైతే ఆ అభ్యర్థన ఢిల్లీకే వెళ్తుంది. బెర్తుల అసలు లెక్క అక్కడే ఉంటుంది. మిగిలింది ఒక్క లోయర్ బెర్తే అనుకుందాం. అదే క్షణంలో ఇంకో ఊళ్లోనూ ఎవరో అడిగారు. ముందు చేరినవారి పేరిట ఆ రికార్డుకు తాళం పడుతుంది. రెండోవారు ఆగాలి, తాళం తీశాక వాళ్లకు ఆర్‌ఏసీయో, వెయిటింగ్ లిస్టో. మధ్యలో లైను తెగితే? బెర్తు, సొమ్ము, పీఎన్‌ఆర్ మూడూ నమోదు కావాలి, లేదా మూడూ రద్దవ్వాలి. వ్యాపార సిస్టమ్‌లు కట్టడం నేర్చుకునే కుర్రాళ్లు ముందుగా ఒంటబట్టించుకోవాల్సిన పాఠం ఇది.

భద్రత కూడా కౌంటర్ దగ్గరే మొదలవుతుంది. క్లర్కు తన ఐడీ, పాస్‌వర్డుతోనే లోపలికి రావాలి. షిఫ్టు దిగేటప్పుడు గల్లాలో డబ్బు సిస్టమ్ చూపిన మొత్తానికి సరిపోవాలి.

2002లో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ టికెట్లు మొదలుపెట్టాక ముఖం కనిపించని కొనుగోలుదారులు వచ్చారు. తత్కాల్ తెరవగానే మనుషుల కంటే వేగంగా ఫారాలు నింపే సాఫ్ట్‌వేర్లు చొరబడ్డాయి. దాంతో డిజైనర్లకు కొత్త ప్రశ్న ఎదురైంది: అడుగుతున్నది నిజంగా మనిషేనా? 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరైంది. ఏజెంట్లకు మొదటి అరగంట తత్కాల్ తలుపులు మూసేశారు. ఫోన్లో నొక్కినా, ఈ టెర్మినల్‌లో కొట్టినా అభ్యర్థనలన్నీ ఇప్పటికీ ఆ ఒక్క బెర్తు రికార్డు దగ్గరే తమ వంతు కోసం ఆగుతాయి.