టెక్సస్ లైసెన్సు శాఖ వారికి, ఆళ్లగడ్డ నుంచి

అయ్యా,

టెక్సస్ రాష్ట్రంలో బాక్సింగుకూ, కరెంటు పనివాళ్లకూ, మంగలి షాపులకూ లైసెన్సులిచ్చేది తమరి శాఖేనని తెలిసి సంతోషించాం. అందుకే కాబోలు 2024 నవంబరు 15 రాత్రి ఆర్లింగ్టన్ స్టేడియంలో 70 వేల మందికి పైగా జనానికీ, ఇక్కడ శనివారం పొద్దున పనులు మానుకుని ఫోన్ల ముందు కూర్చున్న మాబోటి వాళ్లకూ కలిపి ఒకేసారి క్షవరం చేయించారు.

ఆ రాత్రి తలపడిన ఇద్దరిలో మైక్ టైసన్‌కు అప్పటికి 58 ఏళ్లు. జేక్ పాల్‌కు 27. పెద్దాయన హోలీఫీల్డ్ చెవి కొరికిన 1997లో పుట్టినోడు ఆ పిల్లోడు! మా ఆళ్లగడ్డ, నంద్యాల తిరునాళ్లలో బండలాగుడుకు ముందు ఎద్దుల నోరు తెరిచి పళ్లు చూస్తారు. రెండు పళ్లవి రెండు పళ్లవాటితోనే, ఆరు పళ్లవి ఆరు పళ్లవాటితోనే. ఆ కమిటీ వాళ్లెవరూ అమెరికాలో చదవలేదు. మీరెవరి నోరు చూసి సంతకం పెట్టారు సార్? పెద్దాయన పళ్లు గట్టివే లెండి, ఆట పొడుగునా గ్లౌజు కొరుకుతూనే ఉన్నాడు.

తెలియక చేశారా అంటే అదీ కాదు. మూడు నిమిషాల రౌండును రెండు నిమిషాలకు కుదించారు. పది ఔన్సుల గ్లౌజును పద్నాలుగు చేశారు. మనిషికి ఓపిక లేదని మీకు తెలుసు. తెలిసీ ప్రొఫెషనల్ బౌటేనని ముద్ర కొట్టారు! సిగ్గు లేదా?

ఇప్పుడు మావాళ్లే టైసన్‌ని తిడుతున్నారు. ఒళ్లు చూస్తే కండలు, మోకాలు చూస్తే కట్టు అంటున్నారు. చెంపల దగ్గర చేతులు పెట్టి, తల ఊపుకుంటూ కిందనుంచి దూరడం కస్ డమాటో నేర్పిన విద్య. దాంతోనే 1986లో బెర్బిక్‌ను రెండో రౌండులో పడగొట్టి, 20 ఏళ్లకే ఛాంపియన్ అయ్యాడు. ఇప్పుడా తల ఊగలేదు, కాలు కదల్లేదు. ఎనిమిది రౌండ్లలో 97 గుద్దులు విసిరితే తగిలినవి 18. మొత్తం మీద గట్టి దెబ్బ ముందురోజు తూకం దగ్గర కొట్టిన చెంపదెబ్బే. దానికి తోడు కెమెరా ముందు పిర్రలు చూపించుకుంటూ నడిచిపోవడం ఒకటి. లైగర్ సినిమాలో టోపీ పెట్టుకుని మన విజయ్ దేవరకొండ చేతిలో తన్నులు తిన్ననాడే పరువు పోయిందనుకున్నాం. ఇంకా మిగిలే ఉండిందన్నమాట.

ఆయన మహాత్ముడని మేమనడం లేదు. 1992లో జైలుకు పోయింది ఊరికే కాదు, దాన్ని వెనకేసుకురాం. రింగులో సంగతే మా బాధ. 2024 మే నెలలో విమానంలో అల్సర్ తిరగబెట్టింది, జులై పోటీ నవంబరుకు పోయింది. జూన్లో సగం రక్తం పోయిందని, ఎనిమిదిసార్లు రక్తం ఎక్కించారని, చావు తప్పిందని పోటీ అయ్యాక ఆయనే చెప్పుకున్నాడు. అలాంటి మనిషిని బరిలో దించితే, ఆఖరి రౌండు చివర్లో పిల్లోడే జాలిపడి వంగి దండం పెట్టాడు. ఆ మాత్రం జాలి మీకు లేకపోయింది.

డబ్బులు ఆయన తీసుకున్నాడు, మేం వెనక్కి అడగం. ఓటీటీ వాళ్ల చక్రం తిరిగీ తిరిగీ సగం రౌండ్లు కనబడలేదు, అదీ వదిలేస్తాం. ఒక్క మనవి. దీన్ని ఉత్త ప్రదర్శన పోటీ కింద రాసుకోండి. అంతకుముందు ఆయన లెక్క 50 గెలుపులు, 6 ఓటములు. ఏడోది కొట్టేయండి సార్, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
ఆళ్లగడ్డ టైసన్ అభిమానులు