కాటా ఎక్కిన గడ్డి

బంగారాన్ని మిల్లీగ్రాముల్లో తూస్తారు. పెట్రోలుకి పైసలతో సహా లెక్కకడతారు. పాత పేపర్లు కొనేవాడు కూడా తక్కెడ పైకెత్తి ముల్లు చూపిస్తాడు. ఆ ముల్లు చెప్పేది అబద్ధమే కావచ్చు, మర్యాదకైనా చూపిస్తాడు. ఒక్క వరిగడ్డికి మాత్రం ధరే గానీ కొలత లేదు. పొలం మీద కొంటే ఎకరం గడ్డి, ట్రాక్టరు మీద వస్తే ట్రక్కు గడ్డి, మిషన్ చుట్టిందైతే కట్ట గడ్డి, నెత్తిమీద పెట్టుకొచ్చిందైతే మోపు గడ్డి. ఎకరంలో ఎన్ని ట్రక్కులు, ట్రక్కులో ఎన్ని మోపులు అని అడిగి చూడండి. "అది గడ్డిని బట్టి ఉంటదండీ" అంటారు. బళ్ళో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పిన నాకు ఈ లెక్క మాత్రం కొరుకుడు పడలేదు. బర్రెలకు ఆ బాధ లేదు. అవి కొరుకుతూనే ఉంటాయి.

మాది కనిగిరి వైపు, మెట్ట ప్రాంతం. మా నేలలో పొగాకు బాగానే పండుతుంది కానీ పశువు దాని వాసన కూడా చూడదు. కంది పండుతుంది గానీ కందికట్టె పొయ్యిలోకి తప్ప గాట్లోకి పనికిరాదు. వాన దయతలిస్తే జొన్నచొప్ప, సజ్జచొప్ప దొరుకుతాయి. దయతలచని ఏడు అందరం తూర్పుకి తిరిగి దండం పెట్టుకుంటాం. తూర్పున సూర్యుడున్నాడని కాదు, తెనాలి, రేపల్లె, బాపట్ల ఉన్నాయని. కృష్ణా డెల్టా గడ్డి డిసెంబరు కోతలతో మొదలవుతుంది. దక్షిణాన నెల్లూరి వాళ్ళకి పెద్దపంట రబీయే కాబట్టి అక్కడి గడ్డి మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. ఆ రెండు కోతలప్పుడూ గడ్డి రేటు కాస్త మెత్తబడుతుంది. మిగతా కాలమంతా బిగదీసుకుని కూర్చుంటుంది.

మెత్తబడిన రోజుల్లో డెల్టాకి వెళితే కడుపు తరుక్కుపోతుంది. అక్కడ గడ్డి సరుకు కాదు, అడ్డం. వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందే చేలో మినుములు చల్లి ఉంటారు. కోత అయ్యాక ఆ మొలకల మీద గడ్డి పడి ఉంటే పైరు పోతుంది. అందుకని ఎవరైనా పట్టుకుపోతే చాలనుకుంటాడు రైతు. ఇంకో పంట వేసే తొందరున్న చోట అగ్గిపుల్ల గీస్తాడు. ఇక్కడ మేం గడ్డిపరక కోసం ముహూర్తాలు పెట్టుకుంటుంటే, అక్కడ గాల్లో పొగగా పోతుంది గడ్డి. కొడవళ్ళతో కోసి, కుప్పలు వేసి, నూర్చిన రోజుల్లో గడ్డి పొడుగ్గా, మొదలూ చివరా తెలిసేలా ఉండేది. ఇంటింటి దొడ్లోనూ ఓ వామి ఉండేది. కోత మిషన్ వచ్చాక అది ముక్కలుగా చెల్లాచెదురైంది. దాన్ని ఏరి చుట్టడానికి మళ్ళీ ఇంకో మిషన్, దానికి అద్దె, డీజిలు, పురికొస. పొలంలో 40 రూపాయలు పలికిన కట్ట మా వాకిట్లో దిగేసరికి 90 అవుతుంది.

మధ్యలో ఆ 50 రూపాయలు ఎటు పోయాయని మా గడ్డి బేరగాణ్ణి అడిగాను.

"గాలికి పోయినయ్ మాస్టారూ" అన్నాడు.

అతను హాస్యానికి అనలేదు. పది టన్నులు మోసే లారీకి సిమెంటు వేస్తే పది టన్నులూ ఎక్కుతుంది. గడ్డి వేస్తే ఆకాశం దాకా పేర్చినా అందులో సగం బరువు కూడా ఎక్కదు. మిగతాదంతా పోచల మధ్య గాలి. బాపట్ల నుంచి కనిగిరికి ఆ గాలికి నేను బాడుగ కడుతున్నాను. ఇంతా చేసి లారీ ఒళ్ళంతా ఉబ్బి రోడ్డు నిండా వస్తుంటే వెనకవాడికి ముందు బండి కనపడదు. పైన కరెంటు తీగ తగిలిందా, గడ్డీ లారీ రెండూ పేపర్లో ఫోటోగా తేలతాయి. ఆ భయానికి కూడా ఓ రేటు కడతారు. దించే ముఠా కూలీల రేటు దానికి అదనం. కూలీ పాపం ఎక్కువేం అడగడు. మెడ మీద దురద, కళ్ళల్లో నలకలు, చొక్కా లోపల ఎక్కడెక్కడో గుచ్చుకునే ఊక. దానికి ఎంతిచ్చినా తక్కువే.

లారీ మాటొస్తే గుర్తొచ్చింది, 1996లో బయటపడ్డ బీహారు దాణా కుంభకోణంలో, దాణా మోసిన లారీలంటూ కాగితాల మీద చూపిన కొన్ని నంబర్లు ఆరా తీస్తే స్కూటర్లవని తేలింది. ఈ సంగతి చెబితే మా బేరగాడు అసూయతో నిట్టూర్చాడు. "స్కూటరు మీద తెచ్చే ఉపాయముంటే మీకు అరవైకే ఇచ్చేవాణ్ణి సార్."

తుఫాను వచ్చిన ఏడు బేరం ఇంకో రకం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళల్లో పడుకుంది. నానిన గడ్డి నల్లబడుతుంది, బూజు పడుతుంది. గాట్లో వేస్తే బర్రె ముక్కుతో ఓ పక్కకి నెట్టి మన మొహం చూస్తుంది. అలాంటి గడ్డికి రేటు తగ్గాలి కదా? తగ్గదు. మంచిగడ్డి కరువైంది కాబట్టి దాని రేటు పెరిగింది, మంచిగడ్డి రేటు పెరిగింది కాబట్టి నల్లగడ్డి కూడా దాని చెయ్యి పట్టుకుని ఓ మెట్టెక్కింది.

ఇవన్నీ మనసులో పెట్టుకుని, ఈమధ్య లోడు దిగుతుంటే పక్కింటివాళ్ళు కందులు తూచుకునే కాటా తెప్పించి పాక ముందు పెట్టించాను. కూలీలు పని ఆపి నిలబడ్డారు.

"ఏంది మాస్టారూ ఇది?" అన్నాడు బేరగాడు.

"కాటా."

"కనపడతానే ఉంది. గడ్డికి కాటా ఏంది?"

"కట్ట పదిహేను కిలోలన్నావుగా."

"అన్నా. ఉంటదన్నానా?"

మొదటి కట్ట పద్నాలుగు తూగింది. అతను మీసం మీద చెయ్యేశాడు. రెండోది పదకొండు. మూడోది ఎత్తుతుండగానే పురికొస తెగి సగం నేలపాలైంది. మిగిలిన సగాన్ని తూచడం ఇద్దరికీ సిగ్గనిపించింది. "ఎండకి ఆరిపోయినయ్. పొద్దున మంచులో తూచుంటే పదిహేను పైమాటే" అన్నాడు. అంటే మంచుకి కూడా నేనే 90 ఇవ్వాలి. కూలీల్లో పెద్దవాడు మాత్రం, "మా నడుములకైతే ఒక్కోటి ఇరవై ఉంది సార్" అని తీర్పిచ్చాడు. నేను వాదించలేదు.

ఇక పాలకేంద్రం సంగతి చూడండి. పొద్దున్నే క్యాను పట్టుకెళ్తే ఓ గరిటెడు పాలు మిషన్లో పోస్తారు. వెన్న శాతం చుక్కతో సహా అంకె పడుతుంది. చుక్క తర్వాత అంకె ఒకటి తగ్గితే లీటరుకి రేటు తగ్గుతుంది. నిన్న వచ్చింది ఇవాళ ఎందుకు రాలేదని అడిగితే, "ఎండుగడ్డి తగ్గించినట్టున్నారు సార్" అంటాడు కుర్రాడు. వాడు చెప్పింది నిజమే. పీచు ఎక్కువ తింటేనే పాలల్లో వెన్న నిలుస్తుంది. నా పాలల్లో ఏముందో మిషన్ చెబుతుంది, నా బర్రె ఏం తిన్నదో కూడా చెప్పేస్తుంది. నాకు అమ్మిన గడ్డిలో ఏముందో చెప్పే మిషన్ మాత్రం మా ఊరి దాకా రాలేదు. 2019 పశుగణనలో దేశంలో బర్రెలే దాదాపు 11 కోట్లని తేలింది. అన్ని కోట్ల కడుపులకి మేత కొనేవాళ్ళం కళ్ళతోనే కొలుచుకుంటున్నాం.

అసలు గడ్డిలో ఏముందంటారా? మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళు, దండిగా ఇసకలాంటి సిలికా. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టదు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్ళల్లో కలిపి చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగబెడితే బలం పెరుగుతుందని పశువుల డాక్టరు చెప్పారు. అంటే యూరియా కోసం ఎరువుల దుకాణం ముందు వరుసలో నిలబడాలి. ఈ మాట వినగానే మా ఆవిడ అంది, "ఏమండీ, మీరు ఆ లైన్లో నిలబడితే మూడు వారాలు మాగేది మీరే."

పోనీ దాణా పెంచుదామంటే తవుడు అందడం లేదు. తవుడు నూనె గుండెకి మంచిదని పట్నం వాళ్ళకి తెలిసినప్పటి నుంచీ అది పశువుల గాటి దారి మర్చిపోయి నూనె మిల్లు దారి పట్టింది. పత్తిగింజల చెక్క ధర అడిగి రావడానికే ధైర్యం కావాలి.

మా ఒంగోలు జాతి ఈ బాధలు ముందే పసిగట్టినట్టుంది. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఓడెక్కి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరు మీద 'నెలోర్' అని చెలామణి అవుతోంది. అక్కడి పశువుల్లో పెద్దభాగం ఆ రక్తమే. వాటిలో వియాటినా-19 అనే ఆవుకి 2023 వేలంలో కట్టిన విలువ మన లెక్కలో 35 కోట్ల రూపాయల పైమాట. కంచె వేసిన బయళ్ళలో పచ్చిక మేసి తిరిగే జాతి అది. దాని మేనత్తల మునిమనవరాళ్ళు ఒంగోలు చుట్టుపక్కల సినిమా పోస్టర్లు నములుతున్నాయి.

మొన్న మిగతా బాకీ వసూలుకి బేరగాడు వచ్చాడు. మా ఆవిడ టీ ఇచ్చింది. ఒక గుక్క తాగి, "అబ్బ, ఎన్నాళ్ళయింది పెద్దమ్మా ఇట్టాంటి పాలతో టీ తాగి! మా ఇంట్లో పాకెట్టే" అన్నాడు.

"అదేంటి నాయనా, గడ్డి వ్యాపారం చేస్తూ?"

"ఉండేయమ్మా మూడు బర్రెలు. పోయినేడు అమ్మేశా. మేపలేక."

పిల్లల కోసం రెండు లీటర్లు పోయమన్నాడు. లీటరు 80 అనగానే గుండెల మీద చెయ్యేసుకుని, మరీ అన్యాయమని, ఊళ్ళో ఎవరూ అంత చెప్పడం లేదని, మనలో మనకి ఇదేం బేరమని పావుగంట వాదించి చివరికి ఒప్పుకున్నాడు. మా ఆవిడ అప్పుడే పితికిన పాలని లీటరు డబ్బాతో కొలవబోయింది. అతను గ్లాసు కింద పెట్టి, వంగి, డబ్బా అంచుకి కన్ను ఆనించి చూశాడు.

"నురగ దిగనీ పెద్దమ్మా, అప్పుడు పొయ్యి."