ఆహా అన్న

సూరత్‌లో మా లింబాయత్ తెలుగువాళ్లం ఆయన్ని ‘ఆహా అన్న’ అంటాం. రింగ్ రోడ్డు మార్కెట్లో చీరల వ్యాపారం. బొమ్మల ప్రదర్శన ఎక్కడ పెట్టినా రిబ్బను కత్తిరించకముందే హాజరు. ఒక అడుగు వెనక్కేసి, కన్ను సగం మూస్తాడు. అప్పుడొస్తుంది ఆ ‘ఆహా’. దాని వెనకే ‘అంతర్ముఖత్వం’, ‘నిశ్శబ్ద సంభాషణ’. ఈ మాటలు వినాయకుడి బొమ్మకైనా వంకాయ బొమ్మకైనా సరిపోతాయి, ఫ్రీ సైజు నైటీలా.

మొన్న సిటీలైట్ సైన్స్ సెంటర్ గ్యాలరీలో మా పేట కుర్రాడు నీటిరంగుల్లో వేసిన హీంచకో పెట్టాడు. గుజరాతీ ఇళ్లలో ఇత్తడి గొలుసులకు వేలాడే ఊగుడు బల్ల. సంఖేడా వాళ్లు లక్కపూత పూసి బంగారు పూలు దిద్దే రకం కాదు. ఉత్త టేకు బల్ల, ఏళ్ల తరబడి కూర్చోగా ఓ మూల నునుపెక్కింది. ఆ నునుపు దగ్గర కుర్రాడు రంగే వెయ్యలేదు. నీటిరంగుల్లో తెల్లటి మెరుపు కాగితాన్ని వదిలేస్తేనే వస్తుంది. ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి. నీడను మాత్రం తడి మీద తడి వేసి పాకనిచ్చాడు.

“ఆహా! ఆ శూన్యం చూశారా? వాన్ గో కుర్చీ గుర్తొస్తోంది.”

ఆయనకు స్టూలు చూసినా వాన్ గో కుర్చీయే గుర్తొస్తుంది. 1888 నాటి ఆ కుర్చీ తైలవర్ణమని మేమెవరం చెప్పం. చెబితే దానికో ఆహా. నీడలో రంగు పాకిన చోట మాత్రం ఆయన చెయ్యి దానంతటదే ముందుకెళ్లి అద్దానికి తగిలింది. ఇలా రంగు దిగిన చీర వస్తే మిల్లుకు వాపసు కొట్టే మనిషి మరి!

కదలబోతూ గొలుసుల దగ్గర ఆగాడు. కన్ను పూర్తిగా తెరుచుకుంది. అంతర్ముఖత్వం పోయి కరీంనగర్ బయటికొచ్చింది.

“గీ కుడి పక్క గొలుసు జర కిందికున్నది తమ్మీ. ఒక్క దిక్కే కూసుంటే గిట్లనే అయితది. మా ఇంటి ఓనరమ్మ బువ్వ దిన్నంక రోజు గా మూలకే కూసునేది, సుపారీ కత్తిరిచ్చుకుంట. గోడకు గింత దగ్గర ఏలాడదీసిన్రేంది? ఎన్కకు ఊగినప్పుడల్లా సున్నం రాలుతది!”

కుర్రాడి మొహం వెలిగిపోయింది. “రాలుతదన్నా! పొద్దటి సంది ఎంతమందో జూసిన్రు, గా గొలుసు నువ్వొక్కనివే పట్టినవ్.”

చుట్టూ జనం చేరారు. ఆహా అన్న కంగారుగా గొంతు సవరించుకున్నాడు.

“గొలుసు కిందికుండటమంటే... అస్తిత్వంలోని అసమతుల్యత అన్నమాట.”