ఎవరి నెత్తిన కెమెరా వాళ్ళది

చలికాలం శనివారం పూట టాహో స్కీ కొండల్లో ఏ లిఫ్టు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. ప్రతి కుర్రాడి హెల్మెట్ మీదా ఒక కెమెరా. కొందరికి ఛాతీ మీద ఇంకోటి. ఇంత సరంజామాతో కొండ దిగొస్తారా, సాయంత్రం "ఏదిరా, నీ స్నేహితుడు దిగింది చూపించు" అంటే ఒక్కడి దగ్గరా ఉండదు. గంటల తరబడి ఎవడి స్కీల కొనలు వాడికి, ఎవడి రొప్పు వాడికి. మా మనవడి వీడియోలో వాడి ప్రాణస్నేహితుడు ఎక్కడో దూరాన నారింజ రంగు చుక్కలా కనబడి, చెట్ల వెనక మాయమయ్యాడు. "అదిగో, వాడే తాతయ్యా!" అని వీడికి సంబరం.

మా రోజుల్లో జట్టుకంతటికీ కెమెరా ఒకటే. ఎనభైల మొదట్లో బే ఏరియాకి ఉద్యోగాలకొచ్చిన తెలుగు కుర్రాళ్ళం. మంచుగడ్డ అంటే సోడాబండి దగ్గర తప్ప చూసి ఎరగం. శుక్రవారం రాత్రి పులిహోర కట్టుకుని ఐ-80 ఎక్కేవాళ్ళం. డానర్ పాస్ దగ్గర టైర్లకి గొలుసులు బిగించేసరికి వేళ్ళు కొంకర్లు పోయేవి. మా దగ్గరున్నది సూపర్ 8. కోడాక్ వాళ్ళు 1965లో తెచ్చిన రకం. ఒక కార్ట్రిడ్జ్‌లో 50 అడుగుల ఫిల్ము. సెకనుకి 18 ఫ్రేముల చొప్పున తీస్తే 3 నిమిషాల 20 సెకన్లు, అంతే. ఆపైన కడిగించడానికి పంపాలి, తిరిగొచ్చేదాకా కాచుక్కూచోవాలి. చేతి చమురు వదులుతుంటే బుర్ర దానంతటదే పనిచేస్తుంది. ఎవడు ఎక్కణ్ణుంచి దిగుతాడు, ఏ మలుపు దగ్గర మంచు లేస్తుంది, ఎండ ఏ పక్కనుంది, ఇవన్నీ తేల్చుకున్నాకే మీట నొక్కేవాళ్ళం.

తీసేవాడు ముందు దిగాలి. వాలుకి ఓ పక్కగా, పైనుంచి వచ్చేవాళ్ళందరికీ కనబడే చోట ఆగాలి. గుట్ట చాటున, దారికి అడ్డంగా ఆగకూడదన్నది ప్రతి స్కీ కొండ మీదా బోర్డు కట్టిన నియమం. అయినా ఈ కాలం వాళ్ళు సరిగ్గా అక్కడే చతికిలబడి ఫోన్లు తీస్తారు. మేము పక్కకి చేరి కెమెరా సర్దుకున్నాక చేతిలోని స్కీ పోల్ పైకెత్తేవాళ్ళం. పైనున్నవాడు తన పోల్ ఎత్తితే సిద్ధమని అర్థం. మనం దించితే బయల్దేరాలి. అరిస్తే గాలికి వినబడదు. ఈ మాత్రం ఒప్పందానికి యాప్ అక్కర్లేదు.

చలికి బ్యాటరీలు చచ్చేవి. అందుకని వాటిని చొక్కా లోపల, ఒంటికి ఆనించి దాచుకునేవాళ్ళం. ఇప్పటి ఫోన్లకీ అదే జబ్బు. కానీ చెబితే వినేదెవరు? పైజేబులో పెట్టుకుని మధ్యాహ్నానికల్లా ఛార్జర్ కోసం దేవుళ్ళాడతారు. చలిలోంచి నేరుగా వెచ్చటి లాడ్జ్‌లోకి కెమెరా తీసుకెళితే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. బయటే సంచిలో పెట్టి మూతి బిగించి, లోపల అది మెల్లగా వేడెక్కాక తీయాలి. కాఫీ తొందరలో ఎవరికి పడుతుంది ఇదంతా?

అన్నిటికన్నా పెద్ద పేచీ మంచుతోనే. కెమెరాలోని మీటరు ఎంత తెలుపునైనా నడిమి బూడిదరంగుకి లాగుతుంది. దానికి వదిలేస్తే మంచు మురిగ్గా వస్తుంది, మన చామనచాయ ముఖాలు అందులో మాడిపోతాయి. పళ్ళు తప్ప ఏమీ కనబడవు. మా జట్టులో తెనాలి మిత్రుడొకడు ఈ సంగతి పట్టి, మీటరు చెప్పినదానికన్నా ఒకటి, ఒకటిన్నర స్టాపులు ఎక్కువ తెరవమన్నాడు. ఆ రీలు గోడ మీది దుప్పటి తెరపై పడ్డనాడు మొదటిసారి మా కళ్ళూ ముక్కులూ మాకు కనిపించాయి. ఫోన్లో అయితే ముఖం మీద వేలు పెట్టి వెలుగు కాస్త పెంచితే చాలు. ఆ వేలు కూడా కదపరు.

వాలు సంగతీ అంతే. కాళ్ళు వణికించిన కొండ వైడ్ లెన్స్‌లో చదునైపోతుంది. కెమెరాని వాలుతో పాటు వంచితే మరీ ఘోరం. అడ్డంగా మట్టసంగా పట్టుకుని, ఫ్రేములో ఓ నిలువు చెట్టుని చేర్చాలి. అప్పుడు తెలుస్తుంది మనవాడు ఎంత ఏటవాలులో దిగాడో. వెనకే జారుతూ తీయాలంటే దగ్గరగా వెళ్ళాలి, కళ్ళు స్క్రీన్ మీద కాదు, దారి మీద ఉండాలి. అంటే తీసేవాడు దిగేవాడికన్నా గట్టివాడై ఉండాలి. అందుకే మా సినిమాల్లో మాలోకెల్లా బాగా స్కీ చేసేవాడు ఎక్కడా కనబడడు.

ఇది మా గొప్పే కాదు. వారెన్ మిల్లర్ అని, దశాబ్దాల పాటు ఏటా కొత్త స్కీ సినిమా తీసి ఊరూరా ఆడించిన మహానుభావుడు, 2018లో పోయాడు. ఆయన మొదలెట్టిందీ ఇలాగే. 1946 చలికాలంలో సన్ వ్యాలీ పార్కింగ్ స్థలంలో బుల్లి ట్రైలర్ బండిలో కాపురం పెట్టి, స్నేహితుడూ తనూ 8 ఎంఎం కెమెరాతో ఒకరినొకరు తీసుకున్నారు, తప్పులు చూసి దిద్దుకోవడానికి. విల్లీ బోగ్నర్ అయితే 1969 నాటి జేమ్స్ బాండ్ సినిమాకి వెనక్కి జారుతూ, ఎదురుగా వచ్చేవాళ్ళని చేతి కెమెరాతో తీశాడు. వెనక్కి!

కొత్త సరుకు పనికిరానిదని కాదు. గోప్రో వాళ్ళ 2004 నాటి మొదటి కెమెరా కూడా మణికట్టుకి కట్టుకునే ఫిల్ము డబ్బానే. ఇప్పుడది చెయ్యి ఎంత వణికినా బొమ్మ కదలనివ్వదు, ఒప్పుకుంటాను. 360 డిగ్రీల కెమెరాలో పట్టుకున్న కర్ర మాయమవడం చూసి నాకూ నోరు తెరుచుకుపోయింది. కానీ ఆ కర్రని పక్కవాడి వైపు చాపమంటే చాపరేం? మనవడికి డ్రోన్ మీద మోజు పుట్టింది. చాలా స్కీ కొండల మీద అది నిషేధం అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. నిలబడి నాలుగు నిమిషాలు స్నేహితుడి కోసం చలికి ఓర్చుకోవడానికి మాత్రం ఏ కొండ మీదా నిషేధం లేదు.

మొన్న వాడే వచ్చి, "తాతయ్యా, ఈసారి నువ్వు రా. కింద నిలబడి మమ్మల్ని తీస్తే చాలు" అన్నాడు. వస్తానన్నాను, కానీ కొన్ని షరతులు పెట్టాను. నేను పోల్ దించేదాకా ఎవడూ కదలకూడదు, ఒకడు దిగాకే రెండోవాడు రావాలి, సాయంత్రం అందరూ ఒక్కచోట కూర్చుని చూడాలి. లిఫ్టు టికెట్టు, రద్దీ రోజుల్లో కౌంటర్ దగ్గర రెండు వందల డాలర్లు దాటిందిట, అది మాత్రం వాళ్ళ నాన్నే కొనాలి.