దోమకో ఆధార్ కార్డు

సాయంత్రం ఆరు కాగానే మా సందులోకి ఫాగింగ్ బండి దడదడమంటూ వస్తుంది. డీజిల్‌లో కలిపిన మందు తెల్లటి పొగై ఇళ్లని ముంచేస్తుంది. పిల్లలు వెంట పరుగెడతారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫొటో, దాని కింద వరసగా దండాలు. బండి సరిగ్గా మలుపులోని వేపచెట్టు దాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంది. అవతలిది వేరే వార్డు మరి!

రాత్రికి మళ్లీ దోమలు కుడితే కార్పొరేటర్‌గారి మనిషి దగ్గర జవాబు సిద్ధం: "అవి మనవి కావండీ, పక్క వార్డువి." పక్క వార్డులో అడగండి, మనవైపు నుంచే వస్తున్నాయంటారు. ఒక్కో దోమ ఆధార్ చూస్తేగానీ ఈ తగువు తేలదు.

ఇందులో సైన్సు లేకపోలేదు, తలకిందులుగా ఉందంతే. హైదరాబాద్‌లో మూసీ మురుగులో, చెరువుల్లో గుర్రపుడెక్క కింద పుట్టే క్యూలెక్స్ దోమకి కిలోమీటరు ఒక దూరమే కాదు. దాన్నేమో సందుల లెక్కన పొగబెట్టి తరిమేస్తామంటారు. డెంగీ మోసే ఈడిస్ మాత్రం గడప దాటడానికి బద్ధకించే రకం. మామూలుగా పుట్టినచోటికి వందా రెండొందల మీటర్లలోనే దాని బతుకంతా. కుట్టేది పగలు, నక్కేది మంచం కింద, బీరువా వెనక. వీధిలో పోయే పొగ దాని దాకా వస్తే కదా! దాన్నేమో వలస వచ్చిందంటారు. మన కూలర్ తొట్టిలో, ఫ్రిజ్ వెనక ట్రేలో, మేడమీది పాత టైరులో పుట్టి పెరిగిన దాన్ని పొరుగువాడికి అంటగట్టడం ఏం న్యాయం? నిజంగా దూరాలు తిరిగేవి దాని గుడ్లు. తడి లేకున్నా నెలల తరబడి బతికి, పాత టైర్లతో పాటు లారీలెక్కుతాయి, ఓడలెక్కుతాయి. ఇక వైరస్‌ని ఊరూరా తిప్పేది జ్వరంతో బస్సెక్కే మనమే.

ఈ లెక్క కొత్తదా అంటే అదీ కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్, 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ సభలో దోమల రాకపోకలకి గణితమే కట్టి చూపించాడు. ఒక మేర దోమల పుట్టుక ఆపితే నడిమధ్యన బాగా తగ్గుతాయి, అంచుల్లో బయటివి చొరబడుతూనే ఉంటాయి. శుభ్రం చేసే మేర పెద్దదైనకొద్దీ ఫలితం పెరుగుతుంది. నూట ఇరవై ఏళ్లు గడిచాయి, వేపచెట్టు దగ్గర మన బండి ఇంకా యూ టర్న్ తీసుకుంటూనే ఉంది.

కార్పొరేటర్‌గారూ, ఆ పొగ ఖర్చులో సగం తీసి, పక్క వార్డువాళ్లని కలుపుకుని, చెరువులో గుర్రపుడెక్క తీయించండి, మురుగు పారేలా చూడండి. వారానికోసారి కూలర్లూ ట్రేలూ ఒంపి ఆరబెట్టే పని మేం చూసుకుంటాం.