పైరోడ్డు ఎక్కని బండి

నేను హైదరాబాద్ శివారు సాతంరాయిలో ఒక రైతింటి టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్‌ని. గేర్లు లేవు, ఉన్నది డెబ్బై సీసీ ఇంజను. వెనక రెండు గోనెసంచుల పాలకూర, ముందు కొత్తిమీర మూట. కోడి కూసేసరికి మెహదీపట్నం రైతుబజారు దారి పడతాను.

గగన్‌పహాడ్ దాటి ఆరాంఘర్ చేరగానే దారి రెండుగా చీలుతుంది. ఒకటి పైకెక్కుతుంది. అది పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, 11.6 కిలోమీటర్లు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిస్తే, మరుసటేడు అక్టోబరులో ఇది మొదలైంది. కార్లు ఎక్కొచ్చు. నేనూ ఆటోలూ లారీలూ ఎక్కకూడదు. శివరాంపల్లి, ఉప్పర్‌పల్లి, అత్తాపూర్ మీదుగా దాని నీడలోనే పొగ మింగుతూ పోవాలి. విమానాశ్రయంలో నేల ఊడ్చేవాళ్లు, సామాను మోసేవాళ్లలో ఎందరో డ్యూటీకి పోయేది కూడా మాలాంటి బండ్ల మీదే. ఆ వంతెన వల్ల కిందివాళ్లకు దక్కింది అడ్రసు ఒక్కటే: ఇల్లెక్కడంటే ఫలానా పిల్లర్ నంబరు దగ్గర అంటారు.

మా రైతు కూతురు డిగ్రీ చదువుతోంది. ఓ సాయంత్రం నా సీటు మీద కూర్చుని తండ్రికి ఒక సంగతి చెప్పింది. న్యూయార్క్‌లో రాబర్ట్ మోజెస్ అనే పెద్ద అధికారి, జోన్స్ బీచ్‌కు పోయే రోడ్ల మీద వంతెనలు కావాలనే తక్కువ ఎత్తులో కట్టించాడట. బస్సుల్లో వచ్చే పేదలు, నల్లజాతివాళ్లు అటు రాకూడదని. రాబర్ట్ కారో అనే రచయిత 1974లో మోజెస్ జీవితచరిత్రలో అలా రాశాడు; కాదని వాదించే పండితులూ ఉన్నారు.

“మరి మనకు గట్ల ఎవరు జేసిన్రు బిడ్డా?”

“ఎవ్వలు జెయ్యలే నాయినా. మనం యాదికి రాలే, గంతే.”

నాకా మాటే సబబనిపించింది. అంత ఎత్తున, అంత వేగంలో మూటలతో నేను పోతే ప్రమాదమే, నిషేధాన్ని తప్పనను. తప్పు కింద ఉంది. పైదారికి ప్రజల సొమ్ము పోసినవాళ్లు కిందిదారిలో మాకంటూ ఒక పక్క గీత గీయలేదు. ఔటర్ రింగ్ రోడ్డూ నన్ను రానివ్వదు. అయితే దాని పక్కన సర్వీసు రోడ్డుంది కనుక దాని మీద నాకు కోపం లేదు.

రోడ్లేసే అయ్యలారా! రేపు మరో ఫ్లైఓవర్‌కు నక్షా గీసేటప్పుడు మోపెడ్‌కూ సైకిల్‌కూ నడిచేవాళ్లకూ కింద దారి ముందు గీయండి. పిల్లర్లు ఆ తర్వాత లేపండి.