బురదలో పుట్టిన పోలో గుర్రాన్ని

నేను పుట్టింది మణిపూర్‌లోని ఇంఫాల్‌లో, లాంఫెల్‌పట్ అంచున, మోకాలి లోతు నీళ్లలో. ఇక్కడి మైతేయి భాషలో ‘పట్’ అంటే చెరువు. అమ్మ ఈనగానే లేచి నిలబడబోతే నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు జారిపోయాయి. అలా పడుతూ లేస్తూ నేర్చిన నడక నాది. అందుకే బురద గట్టయినా, గులకరాళ్ల దారైనా ఇవాళ్టికీ అడుగు తప్పను. నా గిట్టకు ఎవరూ లాడం కొట్టలేదు, ఆ అవసరమూ రాలేదు.

భుజం దగ్గర కొలిస్తే నాలుగడుగులుంటాను. మా మణిపురి జాతిలో మూడడుగుల ఎనిమిది అంగుళాల వాళ్లున్నారు. ఎంత పొడగరైనా నాలుగడుగుల నాలుగంగుళాలు దాటడం అరుదు. చిన్న చెవులు, బిగువైన మెడ, విశాలమైన ముక్కుపుటాలు. కొత్తవాళ్లు నన్ను చూసి గుర్రప్పిల్ల అనుకుంటారు. చిత్తడిలో మొలిచిన గడ్డి తిని, ఆరుబయట వానలో తడిసి పెరిగిన ఒంట్లో ఎంత దమ్ముందో పరుగందుకున్నాకే వాళ్లకు తెలుస్తుంది.

మా పూర్వీకులు టిబెట్, మంగోలియా వైపు గుర్రాలని కొందరంటారు. మైతేయి పెద్దలు చెప్పే కథ నాకింకా ఇష్టం. మార్జింగ్ దేవుడికి సమదోన్ అయాంగ్బా అనే రెక్కల గుర్రం ఉండేదట, మేమంతా దాని సంతతేనట. ఆ దేవుడి హైంగాంగ్ కొండ మా ఊరి పక్కనే ఉంది.

మా ముత్తాతలు యుద్ధాలు చేశారు. రౌతుల చేతిలో అరంబాయి ఉండేది, ఈకలు కట్టిన ఇనప ములికి. పారిపోతున్నట్టు కనబడి, తరుముకొచ్చే శత్రువు మీదికి వెనక్కి తిరిగి విసిరేవారు. రౌతు చూపు వెనక్కుంటే ముందు దారి చూసేదెవరు? మేమే. 18వ శతాబ్దంలో మా రాజు పామ్‌హైబా సేన బర్మాలో ఆవా నగరం దాకా వెళ్లింది మా వీపుల మీదే.

ఇక మా పోలో, సగోల్ కాంగ్‌జై. సగోల్ అంటే గుర్రం, కాంగ్‌జై అంటే కర్రతో ఆడే ఆట. కాంగ్లా కోట పక్కన మాపల్ కాంగ్‌జైబుంగ్ మైదానంలో తొలిసారి దిగిన రోజు నా గుండె ఎలా కొట్టుకుందో నాకింకా గుర్తే. జట్టుకు ఏడుగురు. గోలు స్తంభాలుండవు, బంతి చివరి గీత దాటితే గోలే. వెదురు వేరుతో చేసిన బంతిని గాల్లోకి ఎగరేస్తే ఆట మొదలు. కర్ర దెబ్బలు తగలకుండా నా ఒంటికి తెల్లటి కుచ్చులు కట్టారు. రౌతు కాళ్లకు చెప్పుల్లేవు. ఆ వట్టి అరికాలు నా డొక్కకు తాకితే చాలు, ఎటు తిరగాలో తెలిసిపోయేది. నేను పొట్టిదాన్ని కాబట్టే అతను కొంచెం వంగితే కర్ర నేలను అందుకునేది. నేను చిన్నదాన్ని కాబట్టే ఉన్నచోటే గిర్రున తిరగగలిగేదాన్ని. ఈ ఆట మా ఎత్తుకు కొలిచి కుట్టిన చొక్కా!

పొరుగున కచార్‌లో స్థిరపడ్డ మణిపురీలు ఈ ఆట ఆడుతుంటే జోసెఫ్ షెరర్ అనే సైనికాధికారీ, తేయాకు తోటల దొరలూ చూసి నేర్చుకున్నారు. 1859లో సిల్చార్‌లో పోలో క్లబ్బు పెట్టుకున్నారు. 1862లో కలకత్తాలో క్లబ్బు వచ్చింది, తర్వాత ఆట ఇంగ్లండుకు పోయింది. అక్కడ గుర్రం ఎత్తుకు మొదట్లో ఒక హద్దుండేది. అది పెరుగుతూ పోయి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పూర్తిగా ఎత్తేశారు. పొడుగు గుర్రాలు మైదానాలు నింపేశాయి.

ఆట ఊళ్లు దాటినందుకు నాకు కోపం లేదు. నా బాధంతా గడ్డి గురించే. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మీ వైపు సామెత ఉందట. మా సంగతి తలకిందులు: గుర్రం నిక్షేపంగా ఉంది, మేతే లేదు. ఆట లేనప్పుడు మమ్మల్ని విడిచిపెట్టేస్తారు, తరాలుగా అదే పద్ధతి. అప్పుడు పట్‌లు ఉండేవి, ఇప్పుడు వాటిలో చాలామటుకు పూడ్చి ఇళ్లు, ఆఫీసులు కట్టారు. మేం రోడ్డెక్కాం. నా తోడబుట్టింది చెత్తకుప్పలో ప్లాస్టిక్ సంచి మింగి చచ్చిపోయింది. నన్నొక వ్యాను గుద్ది వెళ్లిపోయింది. ఎడమ తుంటి చలికాలంలో ఇప్పటికీ లాగుతుంది. 2003లో 1,900 దాకా ఉన్న మేము 2012 లెక్కలకు 1,101కి పడిపోయాం. 2016లో రాష్ట్ర ప్రభుత్వం మా సంరక్షణకు ఒక విధానం తెచ్చింది. 2023లో ఆ మార్జింగ్ దేవుడి హైంగాంగ్ కొండ మీదే 120 అడుగుల పోలో రౌతు విగ్రహం లేచింది. కింది నుంచి చూస్తే ఆ గుర్రం అచ్చం మా అమ్మలా ఉంటుంది. దాని కాళ్ల కింద ఒక పచ్చిక బీడు కూడా మా పేర రాసిస్తే ఎంత బాగుండును!

మంచి కూడా చూశాను. 2016 నుంచి ఇక్కడ ఆడపిల్లలకు పోలో పోటీలు జరుగుతున్నాయి. నన్నెక్కి ఆడే పిల్ల ఆట అయ్యాక జీను విప్పి, నా తుంటి మీద చెయ్యేసి రాస్తుంది. ఈ ఏడు నేను ఈనబోయే ముందు తనే నన్ను ఊరవతల మిగిలిన చిత్తడి దగ్గరికి తోలుకెళ్లింది. తెల్లవారుజామున పిల్ల పుట్టింది. లేవబోతే నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు జారాయి. అమ్మాయి పట్టుకోవడానికి ముందుకు రాబోయింది. నేను అడ్డం నిలబడ్డాను. జారనిచ్చాను.